మానని పుండ్లు, సొంత కణాల వైద్యం, మన హక్కులు

(మహిళా ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం అనగానే మనం కాన్పుల గురించి, కుటుంబ నియంత్రణ గురించి, గర్భసంచి ఆపరేషన్ల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవలసిందే. కాని ఇవాళ నేను మాట్లాడబోయేది కాళ్ళ మీది పుండ్ల గురించి. నెలల తరబడి, కొందరికి ఏళ్ళ తరబడి మానని పుండ్లు. రోగి ఒంట్లోని కొవ్వులోంచే కణాలు తీసి వీటిని మాన్పవచ్చునని కొంతకాలంగా వింటున్నాం. మూలకణ చికిత్స, స్టెమ్ సెల్ థెరపీ అన్న పేర్లు ప్రకటనల్లో మీరు చూసే ఉంటారు. ఇందులో సైన్సు ఎంత, వ్యాపారం ఎంత, మన హక్కులకు దీనితో ఏం పని అన్నది మనం తెలుసుకోవాలి. ఎందుకంటే రేపు మీ బస్తీలోనో, మీ మండలంలోనో ఒక ఆమె వచ్చి "అక్కా, నా కొవ్వే తీసి నా పుండుకే వేస్తారంట, వేయించుకోనా?" అని అడిగితే జవాబు చెప్పవలసింది మీరే.

ముందు పుండు సంగతి. మామూలు గాయానికి ఒక క్రమం ఉంటుంది. రక్తం గడ్డకడుతుంది, చుట్టూ వాస్తుంది, ఆ వాపు తగ్గుతూ ఉండగా కొత్త రక్తనాళాలు, కొత్త కండ పుడతాయి, పైన చర్మం మూసుకుంటుంది. మానని పుండు ఈ దారిలో మధ్యలోనే, వాపు దశలోనే ఆగిపోతుంది. చక్కెర జబ్బు వల్ల కాళ్ళలో స్పర్శ పోయి, రాయి గుచ్చుకున్నా తెలియక, అదే చోట నడుస్తూ నడుస్తూ పడే పుండు ఒక రకం. కాళ్ళలో సిరలు ఉబ్బి, చెడు రక్తం పైకి ఎక్కక, చీలమండ దగ్గర నల్లబడి పగిలే పుండు ఇంకో రకం. మంచాన పడినవాళ్ళకు నడుము కింద పడే ఒత్తిడి పుండ్లు, కాలిన గాయాలు సరిగా మానక మిగిలిపోయిన పచ్చి మచ్చలు, కాన్సరుకు రేడియేషన్ పెట్టిన చోట చర్మం చచ్చి పడే పుండ్లు, కుష్ఠు వల్ల పడేవి, ఇలా ఎన్నో ఉన్నాయి. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం ప్రకారం మన దేశంలో చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాటే. అంటే ఇది ఎక్కడో ఎవరికో వచ్చే జబ్బు కాదు.

పుండు ఉన్న స్త్రీ దాన్ని దాస్తుంది. వాసన వస్తుందని పెళ్ళిళ్ళకు పోదు, వంటింట్లోకి రానివ్వరని ఎవరికీ చెప్పదు, పాత చీర చింపి కట్టుకుని పనిలోకి వెళ్తుంది. చివరికి ఆసుపత్రికి వెళ్ళేసరికి వేలో, పాదమో తీసెయ్యాలంటారు. ఆడమనిషి కాలు పోతే ఆ ఇంట్లో ఆమె స్థానం ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

పుండ్ల వైద్యంలో అన్నిటికంటే బాగా పనిచేసే విషయం చాలా మామూలు విషయం: పుండు మీద బరువు పడకుండా చూడడం. ఇది మన పక్కనే, వెల్లూరులో, బాగా రుజువైంది. 1946లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాలను చూసి, వేళ్ళు రాలిపోయేది కుష్ఠు తినెయ్యడం వల్ల కాదు, నొప్పి తెలియకపోవడం వల్ల అని గ్రహించాడు. నొప్పి తెలియని కాలు మీద మనిషి ఆగకుండా నడుస్తాడు. కాబట్టి పాదానికి ఒత్తుగా అతుక్కునేలా పిండికట్టు వేసి ఒత్తిడిని పాదమంతా పంచితే పుండు మానుతుంది, తర్వాత మెత్తటి రబ్బరు అట్ట ఉన్న చెప్పులు వాడితే మళ్ళీ రాదు. ఆయన తర్వాత అమెరికా వెళ్ళాక ఇదే పద్ధతి చక్కెర జబ్బు పాదాలకూ వచ్చింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడైనా మధుమేహ పాదానికి మొదట చెప్పేది ఇదే. సిరల పుండుకైతే గట్టిగా, పద్ధతి ప్రకారం చుట్టే ఒత్తుడు కట్టు. అయితే ధమనుల్లో రక్తం సరిగా వస్తోందో లేదో చూశాకే ఆ కట్టు కట్టాలి, లేకపోతే ప్రమాదం. చచ్చిన కండ తీసెయ్యడం, చీము ఉంటే దానికి మందు, రక్తంలో చక్కెర అదుపు, కడుపుకు మాంసకృత్తులున్న తిండి. ఏళ్ళ తరబడి ఉన్న పుండు అంచు దళసరిగా పెరుగుతుంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం, ఎందుకంటే అలాంటి పుండు కొన్నిసార్లు కాన్సరుగా మారుతుంది.

ఇవేవీ కోట్లు ఖర్చయ్యేవి కావు. మరి ఎందుకు అందవు? "కాలు కింద పెట్టకుండా విశ్రాంతి తీసుకోవాలి" అని డాక్టరు చీటీ మీద రాస్తారు. ఆ కాలు కింద పెట్టకపోతే నీళ్ళెవరు తెస్తారు, కూలికెవరు పోతారు, గేదెలకు గడ్డి ఎవరు కోస్తారు? విశ్రాంతి అనే మందును ఆమెకు ఇవ్వవలసింది మందుల షాపు కాదు, ఇంట్లోవాళ్ళు, పని ఇచ్చేవాళ్ళు, ప్రభుత్వం. బట్టల షాపుల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడి పనిచేసే అమ్మాయిల కాళ్ళను ఎప్పుడైనా చూశారా? సిరలు ఉబ్బడానికి ఉన్న కారణాల్లో గంటలకొద్దీ నిలబడి ఉండడం ఒకటి. కేరళలో స్త్రీ కార్మికులు పోరాడితే 2018లో అక్కడి ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి, కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అదే పని చేసింది. కాలి పుండు నివారణ గురించి మాట్లాడేటప్పుడు కుర్చీ గురించి కూడా మాట్లాడాలి. సరే, అది వేరే సభలో వివరంగా మాట్లాడుకోదగ్గ విషయం.

ఇప్పుడు కొవ్వు సంగతికి వస్తాను. కొవ్వంటే మనకు చిన్నచూపు. కాని అది ఒట్టి నూనె ముద్ద కాదు. కొవ్వు కణాల మధ్య సన్నటి రక్తనాళాలు, వాటిని అంటిపెట్టుకుని ఇంకా ఏ రూపమూ తీసుకోని కణాలు ఉంటాయి. 2001లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి ప్రచురించిన వ్యాసంలో, ఆపరేషన్ చేసి పీల్చి పారేసే కొవ్వులోని ఈ కణాలను తగిన పరిస్థితుల్లో పెంచితే ఎముకగా, మృదులాస్థిగా, కండరంగా మారే లక్షణాలు చూపిస్తున్నాయని రాశారు. అప్పటిదాకా ఇలాంటి కణాల కోసం ఎముక మజ్జలోకి సూది దించేవారు. అది నొప్పితో కూడిన పని, దొరికేవి కూడా తక్కువ.

చేసే విధానం ఇది. పొట్టలోనో తొడలోనో మత్తుమందు కలిపిన ఉప్పునీరు ఎక్కించి, సన్నటి గొట్టంతో కొవ్వు పీలుస్తారు. దాన్ని కడిగి, కొలాజినేజ్ అనే ఎంజైము కలిపి కరగనిస్తారు. తర్వాత గిర్రున తిప్పే యంత్రంలో పెడితే నూనె పైకి తేలుతుంది, కణాలు అడుగున పేరుకుంటాయి. ఆ అడుగుదాన్ని పుండు అంచుల్లో, అడుగున సూదితో ఎక్కిస్తారు. కొందరు ఎంజైము వాడకుండా కొవ్వును సన్నగా నలిపి వడగట్టి వాడతారు. కొందరు కణాలను ప్రయోగశాలలో కొన్ని వారాలు పెంచి, సంఖ్య పెంచి వాడతారు. ఈ మూడూ ఒకటే అన్నట్టు ప్రకటనల్లో రాస్తారు కాని, ఒకటి కాదు. ఈ తేడా దగ్గరే చట్టం అంతా ఉంది, ఇంకాసేపటికి చెబుతాను.

ఈ కణాలు పుండులోకి వెళ్ళి చర్మంగా మారిపోతాయని చాలామంది అనుకుంటారు. పరిశోధకులు ఇప్పుడు ఎక్కువగా చెప్పేది వేరు. ఆ కణాలు ఎక్కువ రోజులు అక్కడ ఉండవు. ఉన్నంతసేపు కొన్ని రసాయన సంకేతాలు పంపుతాయి, వాపును చల్లార్చి కొత్త రక్తనాళాలను పిలుస్తాయి. ఊళ్ళో పెద్దమ్మ వచ్చి కూర్చుని, కాన్పు పని తను చెయ్యకపోయినా చుట్టూ ఉన్నవాళ్ళ చేత చేయించినట్టు.

ఇది పనికొచ్చే విద్యే అని నేను నమ్ముతున్నాను. 2007లో ఇటలీలోని వెరోనాకు చెందిన రిగొట్టి అనే ప్లాస్టిక్ సర్జనూ, ఆయన సహచరులూ రేడియేషన్ వల్ల చర్మం దెబ్బతిన్న 20 మంది రోగులకు వారి కొవ్వునే శుద్ధి చేసి ఎక్కించి, ఆ చోట కణజాలం మళ్ళీ జీవం పోసుకున్నదని రాశారు. రొమ్ము కాన్సరు నుంచి బయటపడి, ఛాతీ మీద మానని పుండుతో బతుకుతున్న స్త్రీకి అది చిన్న మాట కాదు. మధుమేహ పాదం మీద, సిరల పుండ్ల మీద కూడా పరిశోధనలు జరిగాయి. చాలావాటిలో పుండు త్వరగా మానినట్టే కనిపించింది. అయితే అవి చాలావరకు కొద్దిమంది రోగులతో చేసినవి. కొన్నిటిలో పోల్చి చూడడానికి రెండో గుంపు లేదు. ఒక్కొక్కరు ఒక్కో విధంగా కణాలు తీశారు.

చిన్న పరిశోధన బాగుందని పెద్ద నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందో ఒక ఉదాహరణ ఉంది. క్రోన్స్ అనే పేగుల జబ్బులో మలద్వారం దగ్గర పడే నాళపు పుండుకు, వేరే దాతల కొవ్వు కణాలతో చేసిన ఒక మందును 2018లో యూరప్‌లో అనుమతించారు. దానికి ఆధారమైన పరిశోధనలో 200 మందికి పైగా రోగులున్నారు. ఫలితం బాగుందన్నారు. తర్వాత ఇంకా పెద్ద పరిశోధన చేస్తే ఉత్తుత్తి సూదికీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2023లో కంపెనీ ప్రకటించింది. 2024 డిసెంబరులో దాన్ని యూరప్ మార్కెట్టు నుంచి తీసేశారు. అది దాతల కణాల సంగతే, సొంత కణాలది కాదు. కాని నిదానం ఎందుకు అవసరమో చెప్పడానికి అది చాలు.

ఇంకొకటి. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళ కొవ్వు కణాలు కొత్త రక్తనాళాలను పుట్టించే పనిలో వెనకబడి ఉంటాయని ప్రయోగశాల పరిశోధనలు చూపించాయి. అంటే ఎవరికి ఈ వైద్యం ఎక్కువ అవసరమో వాళ్ళ కణాలే నీరసంగా ఉండే అవకాశం ఉంది. రక్తహీనతతో, అరకడుపు తిండితో ఎముకల గూడులా ఉన్న మన కూలి చెల్లెలి ఒంట్లో పీల్చడానికి కొవ్వు ఎక్కడుంది అని ఏ ప్రకటనా అడగదు.

అసలు విషయం ఇక్కడుంది మిత్రులారా. ఈ వైద్యాన్ని అమ్మేవాళ్ళ నోట ఎప్పుడూ వినిపించే మాట ఒకటే: "నీ ఒంట్లోదే కదమ్మా, నీకేం అపకారం చేస్తుంది?" ఈ ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. భయం పోగొడుతుంది, ప్రశ్న కూడా పోగొడుతుంది. పరాయి మందైతే పరీక్షించారా అని అడుగుతాం. మనదేనంటే అడగం.

అమెరికాలోని ఫ్లోరిడాలో 2015లో ముగ్గురు వృద్ధ స్త్రీలు, 72 నుంచి 88 ఏళ్ళ వయసువాళ్ళు, చూపు మందగిస్తోందని ఒక క్లినిక్‌కు వెళ్ళారు. వాళ్ళ పొట్ట కొవ్వులోంచి తీసిన కణాలనే రెండు కళ్ళలోకీ ఒకే రోజు ఎక్కించారు. ఒక్కొక్కరి దగ్గర 5000 డాలర్లు తీసుకున్నారు. కొద్ది రోజుల్లో ముగ్గురికీ చూపు దారుణంగా దెబ్బతింది. 2017లో వైద్య పత్రికలో ఈ వివరాలన్నీ వచ్చాయి. పరిశోధనల ప్రభుత్వ జాబితాలో ఆ అధ్యయనం పేరు ఉండడంతో తాను పరిశోధనలో పాల్గొంటున్నానని నమ్మి వెళ్ళిన ఆమె అందులో ఉంది. సంతకం చేయించుకున్న కాగితంలో మాత్రం పరిశోధన ఊసే లేదు. కణాలు వాళ్ళవే. అయినా ఉండవలసిన చోటు కాని చోట పెట్టారు. కన్ను వేరు, కాలి పుండు వేరు, నిజమే. కాని "సొంతం" అన్న మాటకు "క్షేమం" అన్న అర్థం లేదని ఆ ముగ్గురి కళ్ళూ చెబుతున్నాయి.

తర్వాత అక్కడ కోర్టులో వాదన నడిచింది. క్లినిక్‌ల వాదన ఏమంటే, ఇది మందు కాదు, రోగి శరీరంలో భాగం, ప్రభుత్వానికి దీని మీద అధికారం లేదు. ఎంజైముతో కరిగించి, వేరుచేసి, వేరే పనికి వాడుతున్నప్పుడు అది మందే అన్నది అక్కడి మందుల నియంత్రణ సంస్థ వాదన. ఫ్లోరిడా కేసులో 2019లోను, పై కోర్టులో 2021లోను ప్రభుత్వమే గెలిచింది. కాలిఫోర్నియాలో ఇంకో కేసులో 2022లో కింది కోర్టు క్లినిక్ పక్షాన తీర్పిస్తే, 2024 సెప్టెంబరులో పై కోర్టు దాన్ని కొట్టేసింది. నా శరీరం మీద నాకు హక్కు అన్నది మన ఉద్యమం కష్టపడి తెచ్చుకున్న నినాదం. దాన్నే వ్యాపారులు తమ లైసెన్సుగా వాడుకోవడం చూస్తే ఆశ్చర్యం, కోపం రెండూ కలుగుతాయి.

మన దేశంలో పరిస్థితి చూద్దాం. ఐ.సి.ఎం.ఆర్., బయోటెక్నాలజీ శాఖ కలిసి 2017లో విడుదల చేసిన మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. రక్త సంబంధ జబ్బులకు చేసే మజ్జ మూలకణాల మార్పిడి తప్ప, మిగిలిన మూలకణ చికిత్సలన్నీ పరిశోధన దశలో ఉన్నవే. అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో తప్ప బయట వాటిని చెయ్యడం అనైతికం. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం మూలకణాలతో చేసిన ఉత్పత్తి కొత్త మందు కిందికే వస్తుంది. ట్రయల్ అన్నాక నైతిక సంఘం అనుమతి ఉండాలి, ఐ.సి.ఎం.ఆర్. నడిపే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందుగా నమోదు కావాలి. ట్రయల్‌లో హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం రోగి హక్కు. ఇక అన్నిటికంటే గుర్తుంచుకోవలసింది, పరిశోధన కోసం చేసే వైద్యానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాబట్టి "ఇది పరిశోధనమ్మా, లక్ష కట్టు" అని ఎవరైనా అంటే ఆ వాక్యంలోనే అబద్ధం ఉంది. పరిశోధనైతే డబ్బెందుకు? రుజువైన వైద్యమైతే పరిశోధన అనడమెందుకు?

మనకు ఇది కొత్త పోరాటం కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిని ప్రయోగాత్మకంగా ఇస్తున్నప్పుడు, అది ప్రయోగమని అక్కడి స్త్రీలకు చెప్పలేదు. హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటన సభ్యులు వెళ్ళి అడిగారు కాబట్టి బయటపడింది. 1986లో ఢిల్లీలోని సహేలీ తదితర సంస్థలతో కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. తర్వాత 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకాలు వేశారు. వారిలో ఎందరో ఆదివాసీ పిల్లలు, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయాక, స్త్రీల సంఘాలు గొడవ చేశాక, 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే మాట. కాని అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఒక్క మాట, నెట్-ఎన్ గాని, ఆ టీకా గాని బయటి నుంచి వచ్చినవి. ఇక్కడ సూదిలో ఉన్నది ఆమె కణాలే అయినా, అడగవలసిన ప్రశ్నలు అవే.

సంతకం ఎవరిది? చాలా ఆసుపత్రుల్లో స్త్రీ స్పృహలోనే ఉన్నా భర్త చేతనో కొడుకు చేతనో సంతకం పెట్టిస్తారు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట మన కార్యకర్తలందరికీ తెలియాలి. జబ్బేమిటో చూడడానికని మత్తు ఇచ్చి, బయట కూర్చున్న తల్లిని అడిగి ఆమె గర్భసంచి తీసేశారు. పరీక్షకు ఇచ్చిన అనుమతి చికిత్సకు ఇచ్చిన అనుమతి కాదనీ, వయసొచ్చిన స్త్రీ తానే నిర్ణయించుకోగలిగినప్పుడు తల్లి అనుమతి చెల్లదనీ కోర్టు అన్నది. దీన్నిబట్టి చూస్తే, పొట్ట తగ్గించుకోవడానికి కొవ్వు తీయించుకున్న ఆమె, ఆ కొవ్వులోంచి కణాలు తీసి దాచుకోవడానికి అనుమతి ఇచ్చినట్టు కాదు.

మిగిలిన కొవ్వు ఎక్కడికి పోతుంది? ఇది ఎవరూ అడగని ప్రశ్న. కొవ్వు పీల్చే ఆపరేషన్లు చేయించుకునేవాళ్ళలో అత్యధికులు స్త్రీలు. వాళ్ళ దగ్గర పారేసిన దానిలోంచే ఈ శాస్త్రం పుట్టింది. కొవ్వు కణాల పేటెంటులో ఆవిష్కర్తలుగా ఎవరి పేర్లు ఉండాలని కాలిఫోర్నియా వాళ్ళూ, పిట్స్‌బర్గ్ వాళ్ళూ కోర్టుకెక్కారు. 2009లో పిట్స్‌బర్గ్ పక్షాన తీర్పు వచ్చింది. ఆ తగాదా అంతా పరిశోధకుల మధ్యే. కొవ్వు ఇచ్చినవాళ్ళ ప్రస్తావన ఎక్కడా లేదు. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వారం నుంచి ఆమెకు చెప్పకుండా తీసిన కణాలు ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెరిగాయి, కంపెనీలు అమ్ముకున్నాయి. వాటిలో ఒక కంపెనీ ఆమె కుటుంబంతో రాజీకి వచ్చింది 2023లో, అంటే 72 ఏళ్ళకు. 1990లో జాన్ మూర్ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, తీసేసిన ప్లీహం మీద రోగికి ఆస్తి హక్కు లేదంది. కాని దానిమీద తనకున్న ఆర్థిక ప్రయోజనాన్ని డాక్టరు ముందే చెప్పి తీరాలంది. ఆ రెండో సగం మనకు పనికొస్తుంది.

ఆచరణకు వస్తే, పుండుతో ఎవరైనా మీ దగ్గరకు వచ్చినప్పుడు కణాల మాట తర్వాత. బరువు తీసే కట్టు వేశారా, కాలికి రక్తం వస్తోందో లేదో చూశారా, చక్కెర ఎంత ఉంది, ఇంట్లో ఆమె పని ఎవరు చేస్తున్నారు? ఇవన్నీ జరిగి, అయినా మానకపోతే, అప్పుడు ఎక్కడైనా ట్రయల్ నడుస్తోందా అని చూడొచ్చు. ట్రయల్ అంటే భయపడి పారిపోవలసిన పని లేదు. పద్ధతిగా జరిగే పరిశోధనలో పేద స్త్రీలకు చోటు లేకపోతే రేపు వచ్చే వైద్యం వాళ్ళ శరీరాలకు పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. రిజిస్ట్రీ నంబరు అడగండి. నంబరు ఉన్నంత మాత్రాన ప్రభుత్వం సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదని కూడా గుర్తుంచుకోండి, ఫ్లోరిడా సంగతి చెప్పాను కదా. అనుమతి పత్రం తెలుగులో ఇమ్మనండి, ఒక ప్రతి ఇంటికి తీసుకెళ్ళనివ్వండి. చదవడం రాకపోతే సాక్షి ఎదుట చదివి వినిపించాలి. మిగిలిన కణాలను ఏం చేస్తారో ఆ పత్రంలో విడిగా ఒక వాక్యం ఉండాలి, దానికి "వద్దు" అనే వీలుండాలి. డబ్బు తీసుకుని మోసం చేస్తే రాష్ట్ర వైద్య మండలికి, ఔషధ నియంత్రణ అధికారులకు రాయవచ్చు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

చివరగా ఒక విషయం. 2019 నియమాల ప్రకారం ప్రతి నైతిక సంఘంలో కనీసం 7 మంది ఉండాలి. వారిలో ఒక స్త్రీ, ఒక సామాన్య పౌరుడు, ఒక న్యాయ నిపుణులు తప్పనిసరి. స్వచ్ఛంద సంస్థ ప్రతినిధికో, సామాజిక శాస్త్రవేత్తకో, అలాంటి మరో స్వతంత్ర సభ్యులకో ఇంకో చోటుంది. మీ జిల్లాలో ట్రయల్స్ చేసే ఆసుపత్రులున్నాయి, వాటికి నైతిక సంఘాలున్నాయి. ఆ కుర్చీల్లో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో వచ్చే సమావేశానికి తెలుసుకుని రండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.